సోమవారం కదలని బండి

రాణి బండి వారమంతా బాగానే తిరిగేది. సోమవారం పొద్దున మాత్రం తాళం తిప్పితే టిక్కుమని ఊరుకునేది.

గూడూరు చుట్టుపక్కల పల్లెల నుంచి కేసముద్రం మార్కెట్ యార్డుకు పత్తి, మక్కలు చేరవేయడం ఆమె పని. ఆ పాత పికప్‌ను మొదట నడిపింది భర్త ప్రభుదాస్. నడుముకు ఆపరేషన్ అయ్యాక అతను స్టీరింగ్ ముందు కూర్చోలేకపోయాడు. బండి అమ్మేయమని అందరూ అన్నారు. "నేను నడుపుత" అంది రాణి. ఊరు నవ్వింది. పక్క సీట్లో కూర్చుని ఆమెకు గేర్లు నేర్పింది నగేష్ ఒక్కడే.

నగేష్‌ది గూడూరులో బండ్ల కరెంటు పనులు చేసే దుకాణం. వైర్లు అతకడం దగ్గర్నుంచి అన్నీ ప్రభుదాసే నేర్పాడు. ఆ ఇంట్లో అన్నం తిని పెరిగినవాడు, రాణిని వదినె అని పిలుస్తాడు. బండికి ఏం జబ్బు చేసినా అతని చెయ్యే పడేది.

అందుకే మొదటిసారి మొరాయించినప్పుడు ఆమె అతనికే ఫోన్ చేసింది. "బ్యాటరీ పోయింది వదినె" అన్నాడు. మార్చారు. మళ్లీ అదే వరస. డైనమో చార్జింగ్ ఇస్తలేదని దాన్ని విప్పి బిగించాడు. ఆ తర్వాత సెల్ఫ్ మోటారు మీద పడ్డాడు. అయినా ఆదివారం బండిని వాకిట్లోనే ఉంచి చర్చికి పోతే తెల్లారి అదే టిక్కు.

"పాతబడ్డది గదా వదినె. ఎన్నొద్దులు గుంజుకొస్తవు? అమ్మెయ్యరాదు" అన్నాడు చేతులు తుడుచుకుంటూ. తన కష్టం చూడలేక అంటున్నాడనుకుంది రాణి.

ఒక సోమవారం మబ్బు పట్టింది. పత్తి బోరాలు చేను గట్టు మీద పెట్టుకుని ముసలి అంజమ్మ రాణి కోసం చూస్తోంది. బండి కదల్లేదు. నగేష్ వచ్చి బానెట్ లేపి చూసి అయ్యో అన్నాడు. మిగతా రైతులు నగేష్ బావమరిది కొత్త బండిని పిలిపించుకున్నారు. అంజమ్మ పిలవలేదు. మధ్యాహ్నానికి వాన దంచింది.

మర్నాడు రాణి వెళ్లేసరికి అంజమ్మ నానిన పత్తిని నీళ్లు పిండి ఆరబోస్తోంది. తిట్టలేదు.

"వేరే బండి పిలువుమని అందరు జెప్పిన్రు బిడ్డా. నువ్వొస్తవని కూసున్న."

రాణి కొంగు బిగించి ఆమెతో పాటు పత్తి పిండసాగింది.

తర్వాతి సోమవారం నగేష్ ఊళ్లో లేడు, లింగాల ఘనపూర్‌లో చుట్టాల పెళ్లికి పోయాడు. ఇరుగుపొరుగు చేత బండి తోయించుకుని, స్టార్టయ్యాక ఇంజను ఆపకుండా రాణి కేసముద్రం పోయింది. రైల్వే గేటు దగ్గర మెకానిక్ సారయ్య షెడ్డు ముందు ఆపింది. సారయ్య బ్యాటరీ ఎర్తు వైరు విప్పి, ఆ వైరుకూ బ్యాటరీకీ మధ్య చిన్న బల్బు పెట్టాడు. తాళం రాణి చేతిలో ఉంది. బల్బు వెలిగింది.

"బండి బందున్నా కరెంటు పోతాంది అక్కా. యాడికి పోతాందో చూద్దాం."

ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకాడు. అన్నీ పీకినా బల్బు ఆరలేదు.

"అయితే బ్యాటరీ మీదికెల్లి నేరుగ ఏదో వైరు పోయింది" అంటూ వేలితో తడుముతూ వెళ్లాడు. సన్నటి నల్ల వైరు ఒకటి మ్యాటు కిందుగా పాకి డ్రైవరు సీటు వెనక రేకు పెట్టెలోకి దూరింది. రాణి ఆ రేకు మీద చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది. సారయ్య ఎర్తు వైరు మళ్లీ తగిలించి స్క్రూలు తీస్తే లోపల రెండు బ్రేకు లైటు బల్బులు ఎవరికీ కనిపించకుండా వెలుగుతున్నాయి.

"గిది ఖరాబు గాదు అక్కా. ఎవలో కావాల్నని పెట్టిన్రు. బండి తిరిగితే మళ్ల చార్జయితది. ఒక్క దినం ఆగితే బ్యాటరీ ఖాళీ."

ఎవరని అడగబోయి రాణి ఆగిపోయింది. వైరు అతుకు మీద టేపు, టేపు మీద తెల్లదారంతో వేసిన ముడి. టేపు ఊడిపోకుండా అలా కట్టడం ప్రభుదాస్ అలవాటు. అతను నేర్పింది ఒక్కడికే.

నగేష్ తిరిగొచ్చాక ఆ బల్బులు తీసుకెళ్లి అతని బల్ల మీద పెట్టింది.

"నాకేం తెల్వదు వదినె."

"ముడి జూడు."

అతను చూడలేదు, రోడ్డు వైపు తిరిగాడు. "మా బామ్మర్ది కొత్త బండి తెచ్చిండు. కిరాయిలు దొరుకుతలెవ్వు. పరేషాన్ల ఉండి చేసిన."

"అడిగితే నాలుగు ఊర్లు ఇడిసిపెడుదును గదరా! అంజమ్మ పత్తి నానిన దినం నా ముందటనే బానెట్ లేపి చూసినవు. అయ్యో అన్నవు. ఆ అయ్యో ఎట్లొచ్చిందిరా నీకు?"



ఇంటికొచ్చి ప్రభుదాస్‌కు చెప్పింది. అతను విని, "ఎట్లనో ఒప్పుకున్నడు గదా. మన పోరడే. ఊర్ల చెప్పకు, వాని దుకాణం బందైతది" అన్నాడు.

"నా బండి బందైతే?"

ప్రభుదాస్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ వెచ్చటి రేకు కంటే ఈ వీపే ఆమెను ఎక్కువ కాల్చింది.

ఊరంతా చెప్పలేదు. అంజమ్మకు మాత్రం వెళ్లి జరిగిందంతా చెప్పింది. అంజమ్మ విని, "వాన దేవుడు కురిపిచ్చిండు. నువ్వు రాకపోవుడు వాడు జేసిండు. నీదేం లేదు బిడ్డా" అంది. రాణి అక్కడే కూర్చుని ఏడ్చింది.

క్రిస్మస్‌కు నగేష్ కేకు పట్టుకుని వచ్చాడు. ప్రభుదాస్ కుర్చీ వేశాడు. రాణి తాళాలు తీసుకుని బయటికి నడిచింది.

ఇప్పుడు బండికి ఏ పనున్నా సారయ్య దగ్గరికే పోతుంది. బానెట్ లేపింది మొదలు మూసేదాకా పక్కనే నిలబడుతుంది. చాయ్ తాగి రమ్మన్నా కదలదు. సారయ్య ఏమీ అనుకోడు. ఆమె రాగానే ఒక స్టూలు తెచ్చి బండి పక్కన వేస్తాడు.