పోయిన వస్తువుల పుట్టుపూర్వోత్తరాలు

పోలీస్ స్టేషన్లో దొంగతనాల ఫిర్యాదులు రాసుకునే రైటరు గారికి ఒకే ఒక్క జబ్బు. దొంగ ఎలా వచ్చాడు, ఎటు పోయాడన్నవి తీరిగ్గా ఆఖర్న అడిగేవారు. పోయిన వస్తువు పుట్టుపూర్వోత్తరాలు మాత్రం ముందు తేలాల్సిందే. సైకిలు పోగొట్టుకున్నవాడి పాట్లు పగవాడికి కూడా వద్దు.

“ఎక్కేటప్పుడు ముందు ఏ కాలు పెడతారు?”

“దొంగ కాలా అండీ?”

“మీదేనయ్యా!”

పక్క బల్ల దగ్గరి కొత్త కానిస్టేబులమ్మకు ఇది చూస్తే ఒళ్లు మండేది. ఊళ్లో తాళాలు పగలని వీధి లేదు. బయట బెంచీ నిండి, జనం మెట్ల దాకా దిగారు. లోపల ఈయన ఇస్త్రీపెట్టె పిడి నలుపా, గోధుమరంగా అని తేలుస్తున్నారు.

“సార్, ఇస్త్రీపెట్టె అని రాసేస్తే పోదా? ఊళ్లో వేలుంటాయి.”

“వీళ్లకి ఒక్కటే కదా తల్లీ!”

ఒక మధ్యాహ్నం ఒంటరిగా ఉండే నర్సొకామె వచ్చింది. ఆమె డ్యూటీలో ఉండగా ఇంటి తాళం పగలగొట్టి రెండు గాజులు, ఒక గోడ గడియారం ఎత్తుకుపోయారు. తలుపుకు కొత్త తాళం వేయించింది గానీ, గడప దాటడానికి కాళ్లు రాక మూడు రోజులుగా తోటి నర్సు ఇంట్లో ఉంటోంది.

“ఆ ఇల్లు ఖాళీ చేసేస్తానండీ. వాళ్ల చెయ్యి పడని చోటు లేదు” అంది.

రైటరు గారు కలం తీశారు. “గడియారం గుండ్రమా, నలుచదరమా?”

కానిస్టేబులమ్మ తల పట్టుకుంది.

“నలుచదరం. మా అమ్మది. ఐదు నిమిషాలు ముందు నడుస్తుంది.”

“ఎందుకలాగ?”

“డ్యూటీకి నాకెప్పుడూ ఆలస్యమని అమ్మే ముందుకు తిప్పింది. ఆ సంగతి నాకూ తెలుసు కనక, నేను ఇంకో ఐదు నిమిషాలు పడుకునేదాన్ని.”

నర్సు నవ్వింది. నవ్వు వచ్చినందుకు తనే తెల్లబోయింది.

“మేకుకు వేలాడేదా, కొక్కేనికా?”

“మేకు... కాదేమో. గుర్తు లేదండీ.”

“చూసొచ్చి చెప్పండమ్మా. ఈ అమ్మాయి తోడొస్తుంది.”

బెంచీ నిండా జనం ఉంటే మేకు చూడ్డానికి తనా! గొణుక్కుంటూనే కానిస్టేబులమ్మ కదిలింది.

గుమ్మం ముందు నర్సు తాళంచెవి ఆమెకు అందించబోయింది. “మీరు చూసి రండమ్మా.”

“ఏ గోడో నాకేం తెలుసు మేడమ్?”

విసుగు నటన కాదు, అసలుదే. నర్సు తనే తాళం తీసి లోపలికి నడిచింది. ముందుగది, నడవ, వంటగది. గోడ మీద నలుచదరంగా తెల్లని మచ్చ, పైన కొక్కెం. దాన్ని చాలాసేపు చూసి, కిందికి చూసింది.

“ఏం చేసిపోయారో చూడు వెధవలు! చక్కెరంతా ఒలకబోశారు. చీమలు!” అంటూ చీపురందుకుంది. “నువ్వెళ్లి కొక్కెమేనని చెప్పమ్మా. నాకిక్కడ బోలెడు పనుంది.”

కానిస్టేబులమ్మ తిరిగొచ్చేసరికి ఫిర్యాదు నంబరు పడి, ఇన్‌స్పెక్టరు బల్ల మీదికి చేరిపోయింది.

“కొక్కెం సంగతి రాకుండానే పంపేశారా సార్!”

“ఆవిడేదీ?”

“ఇల్లు ఊడ్చుకుంటోంది.”

“అలాగా!” అన్నారు రైటరు గారు, ఎంతో ముఖ్యమైన సమాచారం అందినట్టు. ఎదురుగా కూర్చున్న పెద్దాయన వైపు తిరిగి, “చెప్పండి బాబూ, గొడుగు ఎవరు కొనిచ్చారు?” అన్నారు.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఇది అరగంటకు తక్కువ తేలదని అర్థమై, కానిస్టేబులమ్మ బెంచీ మీది జనానికి మంచినీళ్లు పట్టుకెళ్లింది.