ఆకుపచ్చ ముడి

ఇరవై ఏళ్ళ కాపురంలో ఒక్కనాడైనా కార్ఖానా గేటు దాకా రాని మొగుడు, ఒక సోమవారం నుంచి రోజూ సాయంత్రం ఐదింటికి స్కూటరు వేసుకొచ్చి గేటు ముందు నిలబడితే, దాన్ని ప్రేమ అనాలా, కాపలా అనాలా? కాజాలక్కకు ఆనాడు జవాబు దొరకలేదు. ఆమెను ఎరిగి, ఆ రోజుల్ని ఇప్పటికీ తలుచుకునేవాళ్ళకూ దొరకలేదు.

చొక్కాలు కుట్టే ఆ కార్ఖానాలో ఆమె పని కాజాలు తియ్యడం. గుండీ దూరే చోట మిషను గుడ్డను చీల్చి చుట్టూ కుట్టు వేస్తుంది. ఒక నూలుపోగు అటూ ఇటూ అయితే చొక్కా మొత్తం పాడు. పద్దెనిమిదేళ్ళు ఒకే మిషను ముందు కూర్చోవడంతో అసలు పేరు హాజరు పట్టీలోనే మిగిలిపోయింది. అందరికీ ఆమె కాజాలక్కే. మొగుడు వాచీలు బాగుచేస్తాడు. పొద్దస్తమానం కంటికి భూతద్దం బిగించుకుని వెంట్రుకంత ముళ్ళతో వేగే మనిషి. "మా ఆయనకి ఏనుగు ఎదురొచ్చినా కనబడదు గానీ, చీమ కాలు విరిగితే తెలిసిపోతుంది" అని ఆమె నవ్వేది. నవ్వే రోజుల్లో.

ఆ గదిలో ఎనిమిది మంది ఆడవాళ్ళు. మిగతా పనులన్నీ కూర్చుని చేసేవే, ఇస్త్రీ బల్ల దగ్గర మాత్రం రోజంతా నిలబడాలి. ఆవిరి మొహాన కొడుతుంది, నడుము విరుగుతుంది. పెద్ద ఇస్త్రీ పెట్టె ఎప్పుడూ ఇస్త్రీ పెద్దమ్మదే. రెండో పెట్టె మిగిలినవాళ్ళకు వంతులవారీగా. నెలసరి వచ్చిన మనిషికి ఆ రెండు రోజులూ వంతు తప్పించాలని ఎవరో పాత మనిషి ఒక పద్ధతి పెట్టిపోయింది. బాత్రూం తలుపు లోపలివైపు మేకుకు నెలల కాగితాలు వేలాడుతుంటాయి. ఎవరి రంగు వాళ్ళది. వచ్చిన రోజు గడిలో సూదితో ఆ రంగు దారం గుచ్చి ముడి వేస్తే చాలు. అడిగేవాళ్ళూ ఉండరు, చెప్పుకునే పనీ ఉండదు. గదిలో మగవాడు కటింగ్ మాస్టారు ఒక్కడే, ఆయన ఆ తలుపు జోలికి రాడు.

కాజాలక్కది ఆకుపచ్చ. ఆ రోజుల్లో ఆమెకు బదులు నిలబడేది ఆమె ఆడపడుచు, కాలర్లు కుట్టే మనిషి. నాలుగేళ్ళ కిందట మాస్టారిని బతిమాలి ఆ పిల్లను పనిలో పెట్టించింది కాజాలక్కే.

ఒక శుక్రవారం మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆడపడుచు అంది, "ఈమధ్య నా కాళ్ళకి మంచి విశ్రాంతి దొరుకుతోంది వదినా."

"ఏం, వంతు ఎవరికైనా అంటగట్టావా?"

"నేనెందుకు అంటగడతాను? నీ ఆకుపచ్చ కనబడక రెండు నెలలు దాటింది కదా. నీకు బదులు నిలబడే పనే లేకపోయె."

కాజాలక్క ముద్ద మింగి, "పోయిన నెల మూడో తారీకున వేశానమ్మాయ్. ఆకుపచ్చ దారం అయిపోయింది. స్కూలు చొక్కాల ఆర్డరు ఆగాక కొత్త ఉండ రాలేదుగా. చేతికందిన కాఫీరంగుతో వేశాను" అంది.

"కాఫీరంగు పెళ్ళయి వెళ్ళిపోయిన పిల్లది. నీదెప్పుడైంది?"

"అది వెళ్ళిపోయాక ఎవరిదైతే ఏం? నువ్వా రోజు సెలవులో ఉన్నావు. పెద్దమ్మ నిలబడింది, రెండు పెట్టెలూ తనే లాగింది."

"ఏమోనమ్మా" అంది ఆడపడుచు గిన్నె మూత పెడుతూ. "నాకెందుకు? కడుపు చల్లగా ఉంటే అంతే చాలు."

ఆ చివరి మాటకు ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో తెలియలేదు. అందులో ఏముందో మాత్రం గదిలో అందరికీ తెలుసు. ఇప్పుడు హాస్టల్లో ఉంటున్న ఇద్దరు పిల్లల్లో రెండోది పుట్టాక, పద్నాలుగేళ్ళ కిందట, వాచీల మనిషి పిల్లలు కలగకుండా ఆపరేషన్ చేయించుకున్నాడు. అప్పట్లో ఆ సంగతి గొప్పగా గదంతా చెప్పుకున్నది కాజాలక్కే. "మా ఆయన నన్ను కోతకి పంపలేదే, తనే వెళ్ళాడు" అని.

ఆ సాయంత్రం ఆమె ఒక్కతే వేళ్ళ కణుపుల మీద లెక్క పెట్టుకుంది. మూడో తారీకు నుంచి నలభై రెండు రోజులు. ఎప్పుడూ ముప్పై దాటని మనిషి. పన్నెండు రోజులు ఆలస్యం. తప్పు చెయ్యలేదని తెలుసు. అయినా ఒంటిని నమ్మలేకపోయింది. పొద్దున పళ్ళు తోముకుంటుంటే వికారంగా అనిపించిన మాట నిజమే. అది ఎందుకో? రాత్రి అన్నం మానేసినందుకా? పెద్ద ఆర్డరు వచ్చినప్పటి నుంచి నెలరోజులుగా సరిగ్గా తిన్నదెప్పుడు? జాకెట్లు వదులయ్యాయి. నలభై మూడేళ్ళు. తన ఒళ్ళు తన దగ్గరే ఏదో దాస్తోందని మొదటిసారి అనుమానం కలిగింది.

సోమవారం సాయంత్రం గేటు ముందు స్కూటరు.

"ఏంటండీ, దారి తప్పారా?"

"ఇటు పనుండి వచ్చాను. ఎక్కు."

మంగళవారమూ అటే పనిబడింది. బుధవారమూ. గదిలో గుండీలు కుట్టే అమ్మాయి, "అక్కా, బావగారు కొత్త పెళ్ళికొడుకులా వచ్చి నిలబడుతున్నారేంటే!" అని ఆటపట్టించింది. కాజాలక్క నవ్వబోయి ఆగిపోయింది. ఆయన చూపు తన మీద లేదు. తన వెనక గేటు దాటి వస్తున్న కటింగ్ మాస్టారి మీద ఉంది.

"ఆ మాస్టారికి ఎన్నేళ్ళుంటాయి?" అడిగాడు దారిలో, ముందుకే చూస్తూ.

"మనవళ్ళున్నారు. ఎందుకు?"

"ఊరికే."

ఇంటికెళ్ళాక ఆయన జేబులోంచి కాగితంలో చుట్టిన చిన్న పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. మందుల షాపులో దొరికే గర్భ పరీక్ష పట్టీ. ఆమెకు అప్పుడు అర్థమైంది, రెండు నెలల మాట గదిలో ఆగలేదని.

"మీ చెల్లెలు చెప్పిందా?"

"ఎవరు చెబితే ఏం? నిజమేనా కాదా?"

"రెండు నెలలు కాదండీ. మొన్న శుక్రవారానికి పన్నెండు, ఇప్పటికి పదిహేడు రోజుల ఆలస్యం, అంతే. పోయిన నెల కాఫీరంగు ముడి నాదే."

"అది నీదని ఎవరు చెప్పాలి?"

ఇరవై ఏళ్ళలో ఆ గొంతు ఆమె వినలేదు. అరిచి ఉంటే తనూ ఒంటికాలి మీద లేచేది. అరవలేదు. గిరాకీ తెచ్చిన వాచీ ఎప్పుడు ఆగిందో అడిగినట్టు అడిగాడు.

మర్నాడు పొద్దున లేవగానే పరీక్ష చేసింది. ఒక్క గీతే వచ్చింది. పట్టీ తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి, భూతద్దం కంటికి బిగించుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. రెండో గీత ఉండాల్సిన చోట చాలాసేపు చూశాడు.

"ఇది పాతదేమో. ఇంకోటి తెస్తాను" అన్నాడు.

ఆ మాటతో ఆమె ఒక పూట సెలవు పెట్టి వీధి చివరి క్లినిక్‌కి వెళ్ళింది. నర్సమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని అంతా విని, పట్టీ చూసి తల ఊపింది.

"ఇన్ని రోజులు ఆలస్యమయ్యాక, పొద్దుటి మొదటి మూత్రంతో చేస్తే ఒక్క గీత అంటే దాదాపు లేనట్టే. వారం తర్వాత ఇంకోసారి చెయ్యి, సందేహం తీరిపోతుంది. నీ వయసుకి నెలలు తప్పడం మొదలవుతుంది. చిక్కిపోయావు, దానికీ తప్పుతుంది. థైరాయిడ్ కూడా చూద్దాం, రక్తం ఇచ్చి వెళ్ళు."

"మరి... ఆయన ఆపరేషన్..."

"ఓహో, అదా సంగతి!" నర్సమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఆపరేషన్ అయిన ఇన్నేళ్ళకి కూడా ఎక్కడో ఒకరికి కోసిన నాళం తిరిగి కలిసిపోతుంది. చాలా అరుదు, కానీ జరుగుతుంది. రేపు రెండు గీతలు వచ్చినా నీ మీద నేరం రుజువైనట్టు కాదు. ముందు ఆయన్ని పరీక్షకి రమ్మను. వస్తాడా?"

"వాచీ అయితే తెస్తాడు" అంది కాజాలక్క. ఇద్దరూ నవ్వారు. బయటికొచ్చాక ఆమెకు ఏడుపొచ్చింది.

ఇంట్లో ఈ మాటలన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. ఆయన అందులోంచి ఒక్క ముక్కే ఏరుకున్నాడు. "అంటే రెండు గీతలు రావచ్చన్నమాట." మూడో రోజు ఇంకో పరీక్ష పట్టీ బల్ల మీదికి వచ్చింది. అదీ ఒక్క గీతే. దాన్నీ భూతద్దంతో చూశాడు. స్కూటరు మాత్రం గేటు ముందు ఆగడం మానలేదు.

కార్ఖానాలో ఇస్త్రీ పెద్దమ్మ ఒక పక్కకి పిలిచింది. "ఏమే, మొహం అలా పీక్కుపోయిందేంటే? మూడో తారీకున నీ వంతు నేను లాగాను కదా. మీ ఆయన్ని రమ్మను, నా నోటితో చెబుతాను. ఆ కాలర్ల దాని ఎదురుగానే చెబుతాను."

"వద్దు పెద్దమ్మా."

"ఎందుకు వద్దు?"

"నా ఒంటికి సాక్షుల్ని పిలుచుకోవాలా? ఇవాళ నువ్వు చెబితే, రేపు నీ మాటకి ఇంకో సాక్షి కావాలంటాడు."

పెద్దమ్మ ఇస్త్రీ పెట్టె మీద నీళ్ళు చిలకరించింది. నీళ్ళు చుయ్యిమన్నాయి.

పైవారం గురువారం, పదకొండు గంటల వేళ, ఇస్త్రీ వంతుకు వెళ్ళేముందు మిగిలిన కాజాలు తీస్తున్న కాజాలక్కకు పొత్తికడుపులో తెలిసిన నొప్పి పట్టింది. బాత్రూంలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. వచ్చింది. ఇరవై ఐదు రోజులు ఆలస్యంగా, ఏ చప్పుడూ లేకుండా.

ఆ పొద్దునే కొత్త స్కూలు చొక్కాల ఆర్డరుతో పాటు ఆకుపచ్చ దారపు ఉండలు వచ్చాయి. మాస్టారు మొదటి ఉండ ఆమె మిషను మీదే పెట్టి వెళ్ళాడు. ఆమె బయటికొచ్చి, సూదిలోకి ఆ దారం ఎక్కించి, మళ్ళీ లోపలికి వెళ్ళి కాగితం ముందు నిలబడింది. ఒక్క ముడి. సాయంత్రానికల్లా ఆడపడుచు చూస్తుంది, గేటు దాకా మోస్తుంది. ఆయన మొహం విప్పారుతుంది, స్కూటరు రావడం ఆగిపోతుంది. రాత్రి కూరలో ఉప్పు తక్కువైందని మామూలుగా విసుక్కుంటాడు. ఇంకెప్పుడూ దీని ఊసెత్తడు. ఆమె కూడా ఎత్తకూడదు.

మరి వచ్చే నెల ఆలస్యమైతే? ఈ వయసులో అవుతుందని నర్సమ్మే చెప్పింది. నెలనెలా ఈ గడిలో ముడి వేసి తన నిజాయితీ చూపించుకోవాలా?

సూది కాగితానికి ఆనింది. దిగలేదు. ఆమె దారం లాగేసి, సూదిని జాకెట్టుకు గుచ్చుకుంది.

బయట ఆడపడుచు కాలరు తిరగేస్తూ ఓరకంట చూస్తోంది. "ఏం వదినా, ఏమైనా విశేషమా?"

"విశేషమేం లేదు. ఇవాళ ఇస్త్రీ వంతు నాదేగా" అంది కాజాలక్క. వెళ్ళి బల్ల దగ్గర నిలబడింది.

సాయంత్రం దాకా నిలబడింది. నొప్పి నడుములోంచి తొడల్లోకి దిగింది. ఆవిరికి చెమటలు కారాయి. పక్క పెట్టె దగ్గర పెద్దమ్మ ఒకసారి ఆమె మొహం చూసి, బల్ల అంచు పట్టుకున్న చేతి వేళ్ళు చూసి, సంగతి గ్రహించింది. తన స్టూలు కాలితో ఆమె వైపు జరిపింది. కాజాలక్క దాని మీద కూర్చోలేదు.

ఐదు కొట్టింది. కిటికీలోంచి గేటు కనబడుతోంది. స్కూటరు వచ్చింది. ఆయన మణికట్టు ఎత్తి టైము చూసుకున్నాడు. ఆడపడుచు చెప్పులు వేసుకుంటూ, "అన్నయ్య వచ్చేశాడు వదినా, రా!" అని కేకేసి ముందు నడిచింది.

కాజాలక్క తన మిషను తుడిచి, గుడ్డ కప్పింది. ఆకుపచ్చ దారపు ఉండను మాస్టారి బల్ల మీద పెట్టింది. మూటలు లారీకి ఎక్కించే వెనక తలుపు తెరిచే ఉంది. దాని అవతలి సందు చివరే ఆమె సొంత అక్క ఊరికి వెళ్ళే బస్సులు ఆగుతాయి. పెద్దమ్మ ఇస్త్రీ పెట్టె వైరు చుడుతూ తలెత్తింది. కాజాలక్క ఆమె వైపు కూడా చూడలేదు. సంచి భుజాన వేసుకుని, మూటల మధ్య నుంచి వెనక తలుపు దాటి వెళ్ళిపోయింది.