మాస్టారికి దక్కని నిమ్మరసం

పాండురంగారావు మాస్టారు తెనాలిలో ముప్పయ్యేళ్ళు సివిక్స్ చెప్పారు. సివిక్స్ అంటే మా ఊరి పిల్లలు నిద్రపోయే పీరియడు. ఆ నిద్ర ఊరికెంత గట్టిగా పట్టిందో 2009 డిసెంబరులో గాని నాకు తెలియలేదు.

తెలంగాణ ఇస్తామని ఢిల్లీ నుంచి ప్రకటన రాగానే మా దగ్గర సమైక్యాంధ్ర శిబిరాలు లేచాయి. ఒకరోజు లాయర్లు, ఒకరోజు బట్టల షాపులవాళ్ళు, ఒకరోజు మాస్టర్లు. పొద్దున దండలు వేసుకుని దీక్షలో కూర్చుంటారు, సాయంత్రం శిబిరం పెద్ద నిమ్మరసం ఇస్తే లేస్తారు. ఆ గ్లాసు ఆయన చేతి మీదుగా అందితేనే దీక్ష పూర్తయినట్టు. మాస్టారు కూడా రాష్ట్రం కలిసుండాలనే కూర్చున్నారు. ఈ సంగతి ముందే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత ఎవరూ నమ్మలేదు.

చక్కెర జబ్బు వల్ల నేను దీక్షలో లేను. ఎదురు బెంచీ మీద కూర్చుని చూస్తున్నాను. శిబిరం పెద్ద బ్రహ్మానందం ఒకప్పుడు మాస్టారి శిష్యుడే. ఆయనకి మైకు అందించి అడిగాడు.

"మాస్టారూ, మన అసెంబ్లీ వద్దని తీర్మానం చేస్తే ఆగిపోతుందిగా? లేకపోతే ఐక్యరాజ్యసమితికి వెళ్దామండి. సెర్బియా నుంచి విడిపోయిన కొసావో గొడవ అక్కడిదాకా వెళ్ళలేదేంటి?"

"ఆగదురా," అన్నారు మాస్టారు. "రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం అసెంబ్లీ చెప్పేది అభిప్రాయమే. పార్లమెంటు వినాలని లేదు. కొసావో దేశమవుతానంది. ఇక్కడ అడిగేది రాష్ట్రం. మనింట్లో మధ్యగోడ కడుతుంటే ఊరి పెద్దలు రారు, ఇంటి యజమానిదే మాట. అందుకని తెలంగాణ వాళ్ళతో ఇప్పుడే కూర్చుని కృష్ణ నీళ్ళ సంగతి రాయించుకుందాం. నా రెండెకరాలూ రేపల్లె దగ్గర కాలవ చివర ఉన్నాయి. నీళ్ళు రాకపోతే తీర్మానాలతో ఊడ్పులు అవుతాయా?"

ఎవరో వెనక నుంచి "వేర్పాటువాది" అన్నారు. మైకు లాగేసుకున్నారు.

సాయంత్రం బ్రహ్మానందం నిమ్మరసం వరసగా ఇస్తూ వచ్చి, మాస్టారి కుర్చీ దాటి పక్కవాళ్ళకిచ్చాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మాస్టారు మాత్రం కదలకుండా కూర్చున్నారు. దీపాలు పెట్టే వేళకి టెంటు హౌసు వాళ్ళు కుర్చీలు ఎత్తుతుంటే, ఆయన భార్య వెంకటరత్నమ్మ గారు గ్లాసుతో మజ్జిగ పట్టుకొచ్చారు.

"తాగండి."

"నువ్విస్తే దీక్ష విరమించినట్టు కాదు రత్నం, ఇంటికెళ్ళిపోయినట్టు."

"వాళ్ళివ్వరండి."

"ఇవ్వరు," అని తాగేశారు.

రెండు రోజులకి బ్రహ్మానందం సిగ్గూ శరం లేకుండా వాళ్ళింటికొచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. ఐక్యరాజ్యసమితికి అర్జీ రాశారట, ఇంగ్లీషు దిద్దిపెట్టాలట. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని దిద్దారు. చివర కాలవ నీళ్ళ గురించి ఒక్క వాక్యం కలిపారు.

బ్రహ్మానందం అది చదివి, మాస్టారి పెన్నే అడిగి తీసుకుని, ఆ ఒక్క వాక్యం కొట్టేశాడు.