మేనేజరైన కంట్రాక్టరు తాత

మా తాత పోలారావు పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు జీడిపిక్కలు కాల్చే కంట్రాక్టరు. కాలిన పిక్కను పగలగొట్టి, పప్పు కొరికి, కళ్లు మూసుకుని, "ఇంకొంసెం మంట ఎయ్యండ్రా" అనేవాడు. ఉద్దానంలో మా జీడితోట పిక్క రాలే రోజుల్లో ఆ పని కూలీలకు వదిలేసి, నన్ను భుజానెక్కించుకుని తోటకు పోయేవాడు. ఎవర్నీ సెలవు అడిగి ఎరగడు.

నిరుడు యజమాని మేనేజరుగా ఉండమన్నాడు. పాత పద్ధతిలోనే నెలనెలా బిల్లు పెడతానన్నాడు తాత. ఫ్యాక్టరీ లెక్కలు చూసే టెక్కలి ఆడిటరు అనుపమగారు కుదరదన్నారు.

"మేనేజరంటే ఉద్యోగే తాతగారూ. ఇక కంట్రాక్టరు పన్ను కాదు, జీతం మీద పన్ను. హాజరు వెయ్యాలి, సెలవు చీటీ రాయాలి."

"సీటీ ఎవుడికి రాయాల?"

"మేనేజరుకి."

"ఆడు నానే కదేటమ్మా!"

అక్కడున్న వాళ్లందరూ నవ్వారు. తాత మాత్రం తల గోక్కున్నాడు. తను కాదంటే పిక్క వాసన తెలియని బయటివాడెవడో వస్తాడని చివరికి సంతకం పెట్టాడు.

ఈ ఏప్రిల్లో పిక్క రాలింది. తోటకు పోవాలి, ఒక్కరోజు సెలవు కావాలని తాత చీటీ రాసుకున్నాడు. సాయంత్రం దాకా దాన్ని ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత ఎర్రసిరాతో కింద తనే రాశాడు: "పని ఎక్కువ. ఇవ్వడం కుదరదు."

తోటకు నేనొక్కణ్ణే పోయాను. మేనేజరు మీద తాతకు ఫిర్యాదు చేద్దామనుకున్నాను గానీ, ఆయన ముఖం చూసి ఊరుకున్నాను.