తిరిగిమ్మన్న సబ్బు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. డిగ్రీ రెండో సంవత్సరం కెమిస్ట్రీ చదువుతున్న మనిషి ఒక మాట చెబితే లోకం వినాలి. వినకపోతే తప్పు లోకానిదే. (ఈ నమ్మకం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మా ఆయన్ని అడగండి.) అప్పట్లో నా లోకమంటే అనకాపల్లి బెల్లం మార్కెట్టు దగ్గర మా నాన్న బజ్జీల కొట్టు. సాయంత్రం నాలుగింటికి మూకుడు పొయ్యెక్కితే చాలు, దిమ్మలు మోసి అలసిపోయిన కలాసీలూ, బెల్లం అమ్ముకోడానికి వచ్చిన రైతులూ కొట్టు చుట్టూ మూగేవారు. మా నాన్న బజ్జీకి వంక పెట్టినవాడు లేడు. వంక పెట్టింది నేను. బజ్జీకి కాదు, నూనెకి. ఇవాళ మిగిలిన నూనె రేపు మూకుట్లోనే ఉండేది, దాని మీద కొంచెం కొత్త నూనె పడేది. ఎల్లుండీ అంతే. అందులో అడుగునున్న నూనె వయసెంతో మా నాన్నకే తెలీదు.

ఓ మధ్యాహ్నం అన్నాలు తింటుండగా అనేశాను. "నాన్నా, ఆ పాత నూనె ఒంటికి మంచిది కాదు. అది మళ్ళీ పొయ్యెక్కితే నేను కొట్టు దరిదాపులకి రాను."

నాన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "అయితే పారబొయ్యమంటావేటి? నూనంటే కుళాయి నీళ్ళనుకున్నావేటే?"

"పారబొయ్యొద్దు. సబ్బు చేత్తాను."

అమ్మకి పొలమారింది. నాన్న మాత్రం నవ్వలేదు. "సరే. నీ సబ్బుతో మన మూకుడు మసి ఒదలగొట్టి సూపించు. ఒదిలితే రోజూ మిగిలిన నూనె నీది. ఒదలకపోతే ఇంక నా నూనె మాటెత్తకూడదు" అన్నాడు. ఆలోచించకుండా ఒప్పేసుకున్నాను. ఆ మూకుడు ఆయన పెళ్ళికి ముందు కొన్నది. దాని అడుగున ఇనుముందని అందరం నమ్మేవాళ్ళమే తప్ప, చూసినవాళ్ళు మాత్రం లేరు.

కాస్టిక్ సోడా కోసం వెళితే హార్డువేరు కొట్టాయన "తూము పూడుకుపోయిందా అమ్మా?" అని జాలిగా అడిగాడు. సబ్బుకన్నాను. ఆ జాలి ఇంకాస్త పెరిగింది. పెరట్లో నాన్న పాత ఫుల్‌చేతుల చొక్కా, కాలేజీ ల్యాబు కళ్ళద్దాలు, రబ్బరు తొడుగులు వేసుకుని కూర్చున్నాను. నూనెని పాత పంచెలో మూడుసార్లు వడకడితే గుప్పెడు మిరప గింజలు తేలాయి. అన్నీ గ్రాముల్లో తూచి, సోడాని నీళ్ళలో కలిపి చల్లార్చి, నూనెలో పోసి కర్రతో తిప్పితే తిప్పితే అట్లపిండిలా చిక్కబడింది. కత్తిరించిన పాల ప్యాకెట్లలో పోశాను. రంగేమో అచ్చం మా ఊరి బెల్లం, వాసనేమో మిరపకాయ బజ్జీ. (వాసన చూస్తే ఆకలేసే సబ్బుని అంతకు ముందు ఎవరైనా చేశారేమో నాకు తెలీదు.) ఇక మిగిలింది ఒక్కటే పని, నెల రోజులు ఆగడం. పచ్చి సబ్బులో సోడా ఇంకా కరుస్తూనే ఉంటుంది, చర్మాన్ని కాలుస్తుంది. "నెల్లాళ్ళు ముట్టుకోవద్దు" అని అమ్మకి చెప్పే కాలేజీకి వెళ్ళాను. ఎందుకు ముట్టుకోకూడదో మాత్రం చెప్పలేదు. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. (ఈ కథలో నేను ఒప్పుకునేది ఇదొక్కటే.)

మూడో రోజు కాలేజీనించి వచ్చేసరికి వంటింటి గట్టు నిండా జామకాయలు, చక్కెరకేళీలు, సగం కొబ్బరిచిప్ప, ఓ పళ్ళెంలో చేగోడీలు. ఓ జామకాయ కొరికి, "ఎవరిచ్చేరమ్మా ఇవన్నీ?" అన్నాను.

"అందరూను. కాళీ పళ్ళెం తిరిగి పంపరు కదే."

"పళ్ళేల్లో నువ్వేం పంపేవు?"

"ఇంకేటి, నీ సబ్బులే! కోసి తొమ్మిదిళ్ళకీ పంచీసేను. మా గుంట సొంతంగా సేసిందని సెప్పేను. నెల్లాళ్ళు దాసుకోడానికి అదేటి, ఆవకాయా?"

అమ్మ మొహం వెలిగిపోతోంది. మా ఇంట్లో ఏది చేసినా వేడి తగ్గకుండా నాలుగిళ్ళకీ వెళ్ళాల్సిందే. అరిసెలైనా అంతే, సబ్బయినా అంతే. చేతిలో జామకాయ గట్టు మీద పడేశాను. బకెట్టు తీసుకుని గుమ్మం దిగుతుంటే అమ్మ అడ్డం నిలబడింది. "ఇచ్చింది తిరిగడుగుతావా? ఈదిలో నన్ను తలెత్తుకోనివ్వవేటే?"

"వాళ్ళ చేతులు కాలితే నీ తల ఎక్కడ పెట్టుకుంటావమ్మా?" అని దాటేశాను.

నిజం చెప్పొద్దూ, సిగ్గుతో చచ్చిపోయాను. కానీ తల వంచలేదు. గుమ్మం గుమ్మానికీ వెళ్ళి, "సబ్బు తిరిగిచ్చేయండి, ఇంకా పచ్చిగా ఉంది" అన్నాను. "ఓలమ్మో, ఇచ్చింది తిరిగడగడం మా ఇంటావంటా నేదు" అని ఒకావిడ బుగ్గలు నొక్కుకుంది. ఇంకొకావిడ సబ్బు బకెట్టులో పడేసి, "మరి మా జామకాయో?" అంది. సగం కొరికేశానన్నాను. మిగతా సగం పంపమంది. అలా ఎనిమిది సబ్బులు వచ్చాయి. తొమ్మిదోది స్టీలు పిన్ని దగ్గర ఉండిపోయింది. ఆవిడ గిన్నెల మీద మరకన్నది ఎవరూ చూడలేదు, ఎదుటివాళ్ళ గిన్నెల మీద మరక ఆవిడ చూడకుండా ఉండలేదు, అందుకని ఆ పేరు. తలుపు మూడంగుళాలు తెరిచి "పారేసేనే" అంది. ఎక్కడ అని అడిగేలోపు మూసేసింది.

మర్నాడు సాయంత్రం కొట్టు కిటకిటలాడుతుండగా స్టీలు పిన్ని వచ్చింది. కుడిచేతికి తడిగుడ్డ, పమిట కింద ఏదో దాచిన ఎడమచెయ్యి. "ఏదీ ఆ గుంట?" అంది. నాన్న బజ్జీలు తీసే చట్రం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పచ్చి సబ్బు కరవడమంటే ఏమిటో అప్పటికి ఆయనకీ తెలుసు. నేను ముందుకొచ్చాను. పిన్ని గుడ్డ విప్పింది. వేళ్ళు ఎర్రగా కంది, కొసల్లో చర్మం ఊడింది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గొంతు మాత్రం తగ్గలేదు. "తిరిగిమ్మన్నాను కదా పిన్నీ! ఎందుకివ్వలేదు?"

"ఎందుకిత్తానే?" అని పమిట కిందనించి స్టీలు గిన్నె తీసింది. "పాలు మాడిపోయి, ఎవులి కంటా పడకుండా దీన్ని ఏడాది అటక మీద దాసేను. ఇప్పుడు సూడు!" కొట్టు బల్బు ఆ గిన్నెలో ఇంకో బల్బులా వెలిగింది. "సెయ్యి మానిపోద్ది. మిగిలిన ఎనిమిదీ ఎవులికీ ఇవ్వకు. నాకుంచు."

కొట్టంతా గొల్లున నవ్వింది. ఓ కలాసీ, "మావా, ముందు నీ మూకుడు తోమించుకో" అన్నాడు. నాన్న గిన్నెని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చేశాడు.

నెల నిండిన తర్వాత ఓ ఆదివారం నేనూ, మూకుడూ, రెండు సబ్బులూ నూతి దగ్గర కూర్చున్నాం. పొద్దున్న మొదలుపెడితే మధ్యాహ్నానికి అడుగు కనబడింది. నాన్న వేలితో రాసి చూసి, "ఇనుమే" అన్నాడు. ఆ రాత్రి కొట్టు కట్టేశాక మిగిలిన నూనె ఆయనే వడకట్టి నా డబ్బాలో పోశాడు. ఆ తర్వాత ఏ రోజూ మానలేదు.

ఇప్పటికీ ఇంట్లో గిన్నెలకీ బట్టలకీ నా సబ్బే. కొట్టులో దొరికేదానికి ఇంత అవస్థ ఎందుకంటారు. నా ఇష్టం. అమ్మ ఇప్పటికీ పళ్ళేల్లో పెట్టి పంచుతుంది, కాకపోతే నెల నిండాక. బకెట్టు పట్టుకుని, ఏడుపు మింగుకుని, తల నిటారుగా పెట్టుకుని వీధంతా తిరిగిన ఆ పిల్ల అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. ఎంత పొగరు దానికి! ఆ పొగరులో కొంతైనా నాలో మిగిలుందో లేదో అని బెంగగా కూడా ఉంటుంది. ఆ పిల్ల ఇవాళ నా గుమ్మంలోకి వచ్చి సబ్బు తిరిగిమ్మంటే ఇస్తానా? తలుపు మూడంగుళాలు తెరిచి, "పారేసేనే" అంటాను.