మాఘమాసంలో పాసైన మెమరీ

రిజల్టు వచ్చింది. బీటెక్ పాసయ్యాను, అదీ మొదటి తరగతిలో. మా ఇంట్లో పట్టా పుచ్చుకున్న మొదటి మనిషిని నేనే. నాన్న ఏడో తరగతి దగ్గర ఆగిపోయారు, అమ్మ అయిదు దగ్గర. బాబాయి పదో తరగతి పరీక్ష హాలు దాకా వెళ్ళి, లెక్కల పేపరు చూసి, మంచినీళ్ళకని లేచి ఇంటికొచ్చేశాడు. అలాంటి ఇంట్లోంచి వచ్చిన దాన్ని, నోరు ఎలా ఆగుతుంది? బండారులంకలో మా వీధి వీధంతటికీ చెప్పాను. అమలాపురం బస్సులో పక్క సీట్లో కూర్చున్న ముసలావిడకు కూడా చెప్పాను. ఆవిడ దిగబోతూ నా తల నిమిరి, "ఉద్యోగం కూడా వచ్చేస్తదమ్మా, ఆయ్" అని దీవించి వెళ్ళింది.

ఈ మాట అందరికంటే ముందు వినాల్సింది పెదనాన్నగారు. ఆయన ఆషాఢంలో పోయారు.

పెదనాన్నగారు మగ్గం మీద కూర్చోవడం మానేసి చాలా ఏళ్ళయింది. ఆయన పని చీర అంచులకు బొమ్మ గీయడం. గ్రాఫ్ కాగితం మీద ఒక్కో గడి నింపుకుంటూ పోయేవారు. నింపిన గడి అంటే అక్కడ పోగు పైకి లేవాలి, ఖాళీ గడి అంటే లేవక్కర్లేదు. ఆ కాగితం చూసి అట్టలకు చిల్లులు కొడితే, ఆ అట్టలు మగ్గం మీద తిరుగుతూ అంచు నేయిస్తాయి. నెమలి, మామిడి పిందె, కొబ్బరాకు, తామర మొగ్గ, ఇంకా పేరే లేనివి ఎన్నో. నూట నలభైకి పైగా కాగితాలు ఒక పాత తువ్వాల్లో మూటకట్టి ఉండేవి. ఆయనకీ పెద్దమ్మకీ పిల్లల్లేరు. సుగరు వల్ల చూపు తగ్గిపోయాక ఒకరోజు నన్ను పిలిచి అడిగారు.

"అమ్మా, నువ్వు చదివే చదువులో ఇయి దాచే పద్ధతేమన్నా ఉందా? ఈ తేమకి సగం బూజెక్కిపోయేయి. మిగతా సగం చెదలకి టిఫినీ."

"ఉందండి పెదనాన్నగారూ. అన్నీ కంప్యూటర్లో పెట్టేస్తాను. నా ప్రాజెక్టు కూడా ఇదే చేసుకుంటాను."

"ఓహో, నా మూట మోసి మార్కులు కొట్టేద్దామని!" అని నవ్వేరు.

ఆ నవ్వు చూసిన తర్వాత నాకు ఆ పని తప్ప ఇంకేదీ పట్టలేదు. కాలేజీలో స్కానరు అడిగి తెచ్చుకుని, సంక్రాంతి సెలవులు వెళ్ళాక ఆదివారాలన్నీ కూర్చుని కాగితాలన్నీ ఎక్కించాను. బొమ్మలోని గడుల్ని తనంతట తానే లెక్కపెట్టే ప్రోగ్రాము రాశాను. అయితే నా కంప్యూటరు వాడేసిన సామాన్లతో కూర్చినది. ఒక్క అంచు లెక్కపెట్టడానికి, మా అమ్మ కుండెడు అన్నం వార్చేంత సేపు పట్టేది. క్లాసులో వాళ్ళు నా డెమో వస్తే టీ తాగొచ్చేవారు.

అప్పుడే ఇంటర్నెట్‌లో చదివి ర్యామ్ వేగం పెంచడం నేర్చుకున్నాను. కంప్యూటరు పని చేస్తున్నంతసేపు లెక్కలన్నీ పట్టి ఉంచే మెమరీయే ర్యామ్; దాని మీద ఇంత వేగం అని చీటీ ఉంటుంది. కంప్యూటరు మొదలయ్యేటప్పుడు వచ్చే సెట్టింగుల్లోకి వెళ్ళి, కరెంటు ఒక పిసరు ఎక్కువిచ్చి, చీటీ మీద ఉన్నదానికంటే వేగంగా పరుగెత్తమని దానికి చెప్పవచ్చు. 2400 అని రాసున్న దాన్ని నేను మూడు వేల దగ్గర నిలబెట్టాను. ఆశకు పోయి ఇంకా పెంచితే తెర నల్లగా ఉండిపోయేది, వెనక్కి తగ్గించి మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. ఒక్కో మెట్టూ ఎక్కినప్పుడల్లా గుండె ఎగిరేది.

ప్రమాదం ఒకటే. వేగం ఎక్కువైతే, మెమరీలోని కోట్ల గడుల్లో ఎక్కడో ఒక్క గడి, తను నిండి ఉంటే ఖాళీ అనీ, ఖాళీగా ఉంటే నిండాననీ అబద్ధం చెబుతుంది. కంప్యూటరు ఆగదు, కేక వేయదు. అందుకే పరీక్ష ప్రోగ్రాము ఉంటుంది. అది ప్రతి గడిలోనూ ఒకటి రాసి, మళ్ళీ చదివి, రాసిందే వచ్చిందా అని చూస్తుంది. మొత్తం ఒకసారి చుట్టి వస్తే ఒక పాస్.

నాకు సామాన్లు అమ్మిన అమలాపురం షాపాయన గట్టిగానే చెప్పాడు. "నాలుగు పాసులు తిప్పాలమ్మా. పొద్దున్న పెట్టి సాయంత్రం దాకా ముట్టుకోకూడదు. ఏం?"

"ఆయ్, అలాగేనండి."

"ఆయ్ అని ఇంటికెళ్ళి గంటలో ఆపేస్తారు మీరంతా. నాకు తెల్దా?"

నిజంగా అలాగే చేశాను. మాఘమాసం, చల్లటి పొద్దు, కిటికీలోంచి కాలవ మీది గాలి. ఒక పాస్ పూర్తయింది, ఒక్క తప్పు లేదు. రెండోది సగంలో ఉండగా కాలేజీ బస్సు హారను కొట్టింది. ఆపేసి, "పాసయ్యింది పెదనాన్నగారూ, పాసయ్యింది!" అంటూ పక్క వాటాలోకి పరుగెత్తాను.

ఏం పాసయ్యిందో ఆయనకు చెప్పాను. శ్రద్ధగా విన్నారు. తర్వాత అడిగారు.

"ఎండల్లో కూడా ఇలాగే ఉంటదా అది?"

"అదేంటండి?"

"మాఘంలో ఏ పడుగైనా సాగుతాదమ్మా, ఇబ్బందుండదు. రోహిణిలో పడమటి గాలి కొడితే అదే నూలు పుటుక్కున తెగుద్ది. మేం మగ్గం గుంటలో నీళ్ళు చల్లుకుని, తడిగోనెలు కట్టుకుని నేస్తాం. మీ దానికి ఎండాకాలం పరీక్ష లేదా?"

"అది నూలు కాదండి బాబూ, కంప్యూటరు!"

"సరే తల్లీ. నువ్వు చదువుకున్నదానివి, నేను గుంటలో కూర్చున్నవాడిని" అని నవ్వేసి, బస్సు వెళ్ళిపోతుందని తరిమారు. నేను దారంతా ఆయన మాట చెప్పి స్నేహితురాళ్ళను నవ్వించాను.

మే నెల వచ్చింది. నా గది మగ్గాల పాకకు ఆనుకున్న రేకుల గది. మధ్యాహ్నం ఆ రేకుల కింద గోడ ముట్టుకుంటే చెయ్యి కాలేది. ప్రాజెక్టు అప్పజెప్పే రోజులు. డిస్కులో చోటు చాలక, స్కాన్లన్నీ బాగా బిగించి ఒకే ఒక్క ఫైలుగా కట్టాను. అలా బిగించినదాంట్లో ఒకచోట తప్పు పడితే దాని వెనక ఉన్నవన్నీ పోతాయని అప్పటికి నాకు తెలియదు. కట్టిన మూట బాగుందో లేదో చూసే బటనొకటి పక్కనే ఉంది. నొక్కలేదు. విడి స్కాన్లు చెరిపేసి, ఆ చోట్లో ప్రాజెక్టు వీడియోలు పెట్టుకున్నాను. ఆ ఒక్క ఫైలునే రెండు పెన్‌డ్రైవుల్లోకీ, నెట్‌లోకీ ఎక్కించాను. నాలుగు చోట్ల దాచానని పెదనాన్నగారికి గొప్పగా చెప్పాను.

ఆయన వేళ్ళతో తువ్వాలు మూట తడుముకున్నారు. "ఇంకనేం. నేను పోయినప్పుడు ఇయ్యి నాతో పంపించేయండి. మళ్ళీ చెదలకెందుకు?"

"అదేం మాటండి ఇప్పుడు!" అని పెద్దమ్మ కసిరింది.

ఆషాఢంలో, నాలుగు రోజుల జ్వరంతో ఆయన వెళ్ళిపోయారు. ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టినప్పుడు బాబాయి ఆ మూట తెచ్చి నా ముందు నిలబడ్డాడు.

"అన్నయ్య చెప్పేడు కదా. అన్నీ ఉన్నాయి కదమ్మా లోపల?"

"ఆయ్, ఉన్నాయి బాబాయ్" అన్నాను.

మూట నేనే తీసుకుని ఆయన చేతి పక్కన పెట్టాను. పైన ఉన్న కాగితం జారిపోతుంటే లోపలికి సర్దాను కూడా. కొబ్బరాకు అంచు అది. తర్వాత మగవాళ్ళు ఎత్తుకుని వెళ్ళిపోయారు.

పెద్దకార్యానికి వారం ముందు పెద్దమ్మ, ఆయన ఫోటో కింద పెట్టడానికి నెమలి అంచు అచ్చు వేయించి తెమ్మంది. ఫైలు విప్పాను. పదకొండు కాగితాలు వచ్చాయి. పన్నెండోది సగం దాకా వచ్చి, కింద అంతా బూడిద రంగు. ఆ తర్వాత ఏమీ లేదు, ఫైలు పాడైంది అన్న మాట తప్ప. పెన్‌డ్రైవులు చూశాను, నెట్‌లోది చూశాను. నాలుగు చోట్లా అదే, అక్కడికక్కడే. ప్రాజెక్టు కోసం వాడుకున్నవి కూడా ఆ పదకొండులోవే.

చెరిపేసినవి తిరిగి వస్తాయేమోనని డిస్కు పట్టుకుని అమలాపురం వెళ్ళాను. షాపాయన రెండు రోజులు ఉంచుకుని తల అడ్డంగా ఊపాడు. "నాలుగు పాసులూ తిప్పేవా?" అని మాత్రం అడిగాడు. నేను డిస్కు సంచిలో వేసుకున్నాను.

ఇంటికొచ్చి కిటికీ మూసి, తలుపు మూసి, ఫ్యాను ఆపి పరీక్ష పెట్టాను. చెమటలు కారుతుంటే తెర ముందు కూర్చున్నాను. ఇరవై నిమిషాలు ఏమీ లేదు. ఆ తర్వాత ఎర్ర గీత ఒకటి పడింది, వెంటనే మూడు, ఆపైన తెర నిండా. తలుపు తీసి, గది చల్లబడ్డాక మళ్ళీ పెడితే ఒక్కటీ లేదు. వేగాన్ని చీటీ మీద ఉన్న అంకెకు దించేసి, తలుపులు మూసి పగలంతా తిప్పాను. నాలుగు పాసులు, తప్పులు సున్నా. అంత శుభ్రమైన ఫలితం నా జన్మలో చూడలేదు. దాని ముందు కూర్చుని ఏడ్చాను.

పాత చీరలు చూసి మళ్ళీ గీద్దామా అంటే, మా ఇళ్ళలో ఆ చీరలుండవు. అంచు బాగా వచ్చినదల్లా షావుకారుకు వెళ్ళిపోతుంది. చిల్లులు కొట్టిన పాత అట్టలు నలిగిపోయి ఎప్పుడో పొయ్యిలోకి పోయాయి. పెద్దమ్మ జన్మంతా కట్టింది సాదా అంచులు, లేదా నేతలో తప్పు పడి వెనక్కి వచ్చినవి. ఆయన నెమలి ఎవరి బీరువాలో ఉందో ఎవరికి తెలుసు?

పెద్దమ్మకు చెప్పలేదు. ప్రింటరులో ఇంకు లేదన్నాను, ఆ తర్వాత షాపు కట్టేశారన్నాను. ఫోటో కింద ఖాళీగానే పెద్దకార్యం జరిగిపోయింది.

అలా నెల గడిచి, శ్రావణంలో రిజల్టు వచ్చింది. స్వీట్లు పట్టుకుని వెళ్ళాను. పెద్దమ్మ నన్ను కావలించుకుని, వీధరుగు మీదికి లాక్కెళ్ళి, దారినపోయే ఇద్దరిని ఆపి మరీ చెప్పింది.

"మా పిల్లకి పట్టా వచ్చిందండీ! ఎందుకొచ్చిందనుకున్నారు? వాళ్ళ పెదనాన్నగారి అంచులన్నీ కంప్యూటర్లో దాచింది. అవి చూసే ఇచ్చేరు. ఆయన పోయినా ఆయన గీతలు పోలేదండీ."

వాళ్ళు "అలాగాండీ, మంచిదండీ" అంటూ వెళ్ళాక, నేను అరుగు మీద కూర్చుండిపోయాను. ఆవిడ స్వీటు తుంచి నా నోటి దగ్గర పెట్టింది.

"పెద్దమ్మా, అవి లేవు" అన్నాను.

"ఏవి?"

చెప్పాను. ర్యామ్ గురించి, వేగం గురించి, ఎండ గురించి, నేను పూర్తిగా చేయని పరీక్ష గురించి. సగం ఆవిడకు అర్థమై ఉండదు. పెదనాన్నగారు అడిగిన మాట, దానికి నేను నవ్విన నవ్వు చెప్పినప్పుడు మాత్రం నా మొహం వైపు చూసింది.

"ఎన్నున్నాయి?"

"పదకొండు."

"ఏవేవి?"

ఒక్కొక్కటీ పేరు చెబుతుంటే ఆవిడ ఒక్కో వేలూ మడుచుకుంటూ విన్నది. అయిపోయాక మడిచిన వేళ్ళు విప్పింది.

"నెమలి?"

"లేదు పెద్దమ్మా."

"కొబ్బరాకు?"

"లేదు."

చేతిలో మిగిలిన స్వీటు ముక్క తిరిగి పెట్టెలో పెట్టి, వేళ్ళు కొంగుకు తుడుచుకుంది.

అప్పుడే ఎదురింటావిడ బిందె చంకనేసుకుని వచ్చింది. "ఏంటండీ వదినగారూ, స్వీట్లు పంచుతున్నారు, మాకు లేవా?"

పెద్దమ్మ లేచి పెట్టె ఆవిడ ముందు పట్టింది.

"మా పిల్ల పాసయ్యిందండీ" అంది. అంతే చెప్పింది.