పాట కింద మాట

అమెరికాలో మా అరోరా ఊళ్ళో ఓ పదేళ్ళపాటు జరిగిన ఏ పుట్టినరోజు వీడియో పెట్టి చూసినా, ఏ వ్రతం వీడియో పెట్టి చూసినా, అందులో అందరం ఉంటాం, ఒక్క శ్యామ్‌సుందర్ గారు తప్ప. తీసింది ఆయనే మరి.

తియ్యమని ఎవరూ అడిగేవాళ్ళం కాదు. పిలిచిన టైముకి అరగంట ముందే వచ్చి, సోఫాని అటు జరిపి, దీపాన్ని ఇటు జరిపి, హాలు మధ్యలో స్టాండు పాతేసేవారు. "నేచురల్‌గా ఉండండి, నేను లేననుకోండి" అనేవారు. ఆ మాట చెవిన పడగానే అప్పటిదాకా హాయిగా కబుర్లాడుకుంటున్న ఆడవాళ్ళం పమిటలు సర్దుకునేవాళ్ళం, మగవాళ్ళు పొట్టలు లోపలికి లాక్కునేవాళ్ళు. అక్షింతలు వేసే వేళకి సరిగ్గా అడ్డం వచ్చేవారు. మా గృహప్రవేశంలో పాలు పొంగడం నేను చూడలేదు, ఆయన వీపు చూశాను. పైగా వెనక్కి తిరిగి, "విద్యా, ఇంకోసారి పొంగించమ్మా, ఫోకస్ తప్పింది" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పొంగించాను లెండి. ఆయన మాట తీసెయ్యడం ఎవరికీ చేతనయ్యేది కాదు.

ఆ కెమెరా ఆయన చేతికి ఎందుకొచ్చిందో చాలా ఏళ్ళ తర్వాత ఛాయాదేవి వదిన చెప్పింది. ఛాయాదేవి ఆయన భార్య. 2001లో ఆయన పనిచేసే టెలికాం కంపెనీ సగం మందిని ఇంటికి పంపేసింది, అందులో ఈయనా ఒకరు. ఆ రోజుల్లో ఏ ఇంటికి భోజనానికెళ్ళినా గుమ్మంలోనే "ఏమైనా దొరికిందా?" అని అడిగేవాళ్ళు. అభిమానంతోనే అడిగేవాళ్ళు, కానీ ఆయనకది పుండు మీద కారం. అలాంటప్పుడోసారి ఎవరిదో కెమెరా చేతిలో పెట్టుకుని నిలబడితే ఆ పూటంతా ఒక్కరూ అడగలేదట. కెమెరా పట్టుకున్నవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు, జుట్టు సర్దుకుంటారంతే. మర్నాడే వెళ్ళి సొంతానికి ఒకటి కొనుక్కొచ్చారు. తర్వాత ఉద్యోగమూ వచ్చింది, ప్రమోషనూ వచ్చింది. కెమెరా మాత్రం కంటి మీంచి దిగలేదు.

తీసిన ప్రతి వీడియోకీ ఆయన చేసే ఘనకార్యం ఇంకోటుంది. మన ఊళ్ళలో పెళ్ళి వీడియోల వాళ్ళు చేసినట్టే, మనుషుల మాటలన్నీ తుడిచేసి, మొదట్నుంచి చివరిదాకా సినిమా పాటలు వేసేవారు. బొమ్మలో మేం నోళ్ళు ఆడిస్తుంటాం, వెనకాల వయొలిన్లు. "పాట లేని వీడియో పోపు పెట్టని పప్పమ్మా" అనేవారు. మాకూ అలాగే బాగుండేది. మేం మాట్లాడుకున్నదాంట్లో వినడానికేముంది, సాంబారు పలచనైందనీ, సేల్‌లో సూట్‌కేసులు వచ్చాయనీ తప్ప!

2011 వేసవిలో రేణు వాళ్ళ కుటుంబం హైదరాబాద్ వెళ్ళిపోవడం ఖాయమైంది. రేణు మా వెనక వీధిలో ఉండేది. వాళ్ళాయన నరసింహ గ్రీన్‌కార్డు లైన్లో నిలబడి నిలబడి విసిగిపోయి అక్కడే ఉద్యోగం చూసుకున్నాడు. వాళ్ళ పిల్లాడు నీల్ ఇక్కడే పుట్టాడు, అప్పటికి పదేళ్ళు. వాడికి వెళ్ళడం కంటే మాట్లాడటం భయం. స్కైప్‌లో ఏదో రెండు ముక్కలు తెలుగులో అంటే అక్కడి పిల్లలు పకపకా నవ్వారట. అంతే, ఆ రోజు నుంచి వాడు తెలుగు మూటగట్టి అటకెక్కించాడు. రేణు తెలుగులో పిలిస్తే పలకడు. "ఐ నెవర్ స్పోక్ ఇట్, అమ్మా. ఐ కాంట్" అంటాడు.

ఓ మధ్యాహ్నం రేణు మా ఇంటికొచ్చి ఏడ్చింది. "వీడు మాట్లాడేవాడు విద్యక్కా! మూడేళ్ళప్పుడు మా అమ్మ ఆర్నెల్లుండి వెళ్ళింది కదా, అచ్చం ఆవిడలా మాట్లాడేవాడు. నేను చెప్తే నమ్మట్లేదు. ఎవరి ఫంక్షన్‌లోనో అన్నయ్యగారి కెమెరా ముందు నిలబడి ఏదో గడగడా వాగాడు, మేమంతా నవ్వి చచ్చాం. అదొక్కటి వాడికి వినిపిస్తే చాలు. నోరు మూసుకుని అక్కడికెళ్తే వాడు ఎవరితో కలుస్తాడు?"

వాళ్ళమ్మ ధనమ్మ గారు నాకు బాగా గుర్తు. ఒంగోలు మనిషి, కనిపించిన ప్రతివాణ్ణీ "ఏం నాయనా" అనేది, పోస్ట్‌మ్యాన్‌తో సహా.

శ్యామ్‌సుందర్ గారిచ్చిన పాత డీవీడీలన్నీ ముందేసుకుని కూర్చున్నాం. నీల్ ప్రతిదాంట్లో ఉన్నాడు. నోరు కదులుతూనే ఉంది. ప్రతిదాంట్లోనూ పాటే.

నేను ఫోన్ చేసి కడిగేశాను. "అన్నయ్యగారూ, మీ పోపు మండా! పిల్లాడి మాటంతా మింగేసింది" అన్నాను. ఆయన మెల్లగా, "ఒరిజినల్స్ పారెయ్యలేదమ్మా. మాటలు ఉన్నాయి" అన్నారు.

ఉన్నాయి. టేపుల్నన్నిటినీ ఎప్పటికప్పుడు కంప్యూటర్‌లోకి ఎక్కించి, బేస్‌మెంట్‌లో బిస్కెట్ డబ్బాల పక్కన హార్డ్ డిస్కుల్లో దాచారు. కాకపోతే పేర్లు చూస్తే తల తిరిగింది. ఫంక్షన్, ఫంక్షన్ కొత్తది, ఫంక్షన్ ఇంకోటి. "మనవాళ్ళేగా, చూస్తే తెలీదూ?" అన్నారు. బొమ్మని పరిగెత్తించి చూడొచ్చు గానీ మాటని పరిగెత్తించి వినలేం కదా! ఆ బండ ఫైళ్ళేమో ఆయన మిషన్ మీద తప్ప మా లాప్‌టాప్‌లలో కదలవు. వాటిని చిన్నవిగా కన్వర్ట్ చేసి మా అందరికీ పంచితే, తలా కొన్ని వినొచ్చు. అయితే ఆయన కంప్యూటర్ ఒక్క ఫంక్షన్ కన్వర్ట్ చెయ్యడానికి ఒక రోజంతా మూలిగేది. అది పనిచేస్తున్నప్పుడు వదిన మైక్రోవేవ్ పెడితే ఫ్యూజు పోయేది. ఆ లెక్కన రేణు హైదరాబాద్‌లో బతుకమ్మ ఆడుతున్నా ఇక్కడ మేమింకా నీల్ కోసం వెతుకుతూనే ఉండాలి.

ఆయన ఆఫీసుకి సెలవు పెట్టారు. ఇంటర్నెట్‌లో ఎవరెవరో రాసుకున్నవి చదివి, ఒక గ్రాఫిక్స్ కార్డు కొనుక్కొచ్చారు. ఇటుకంత ఉంది. కంప్యూటర్ డబ్బాలో పట్టకపోతే పక్క తలుపు పీకేసి, టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టారు. నేను చూడ్డానికెళ్తే నాకు పాఠం చెప్పారు. "ప్రాసెసర్ అంటే వంటమేస్త్రి అనుకోమ్మా. అన్నీ వచ్చు, కానీ ఒక్కడు. పెళ్ళి భోజనానికి చిక్కుడుకాయలన్నిటికీ ఒక్కడే ఈనెలు తియ్యాలంటే ఎప్పటికయ్యేను? ఈ కార్డులో ఉన్నది కూరలు తరిగే ఆడవాళ్ళ బారు. ఒక్కొక్కరికీ పెద్ద పని రాదు. అందరూ ఒకేసారి తరిగితే గుట్ట కరిగిపోతుంది. దీన్నే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ అంటారు."

పాఠం బాగుంది. పని మాత్రం ఎప్పట్లాగే నత్తనడక నడిచింది. ఆయన మొహం వాడిపోయింది. రెండో రోజు సాయంత్రానికి తెలిసింది, కార్డు పెట్టారు గానీ దాన్ని వాడుకోమని సాఫ్ట్‌వేర్‌కి చెప్పలేదు. సెట్టింగ్స్‌లో ఒక చిన్న గడిలో టిక్కు పెట్టాలట. "బాగుంది సంబడం! కోడలొచ్చి కూర్చున్నా అత్తగారే గిన్నెలు తోముతోందన్నమాట" అంది వదిన. టిక్కు పెట్టారు. ఫ్యాన్లు హోరెత్తాయి. రోజంతా పట్టే ఫంక్షన్, వదిన ఉప్మా చేసి తెచ్చేలోపల అయిపోయింది. శ్యామ్‌సుందర్ గారు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత అలవాటు కొద్దీ చెయ్యి పాటల సీడీ మీదకి వెళ్ళింది. వదిన ఆ సీడీలన్నీ మూటగట్టి, తన పట్టుచీరల కింద పెట్టి తాళం వేసింది.

ఆ వారం మా అందరి ఇళ్ళల్లో పెన్‌డ్రైవ్‌లే. వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ విన్నాం. వెతుకుతున్నది నీల్ కోసమే, దొరికింది మాత్రం మేమంతా. అప్పట్లో మేం ఎంత గట్టిగా నవ్వేవాళ్ళమో నాకు తెలీదు. చలికోట్లన్నీ గుట్టగా పోసిన మంచం, ఆ గుట్ట మీద నిద్రపోయిన పిల్లలు. "ప్లేట్లు చాలతాయంటావా?" అని నాకు నేనే వినిపించాను. ఆ గొంతులో ఎంత కంగారు, ఎంత సంతోషం! ఇప్పుడు విడిపోయిన జంట ఒకటి, ఒకే గిన్నెలోంచి గులాబ్‌జామూన్ తింటూ పోట్లాడుకుంటోంది. డల్లాస్ వెళ్ళిపోయిన నేస్తం ఒకావిడ వంటింట్లోంచి నన్ను పేరు పెట్టి పిలిచింది. పోపు కింద ఇంత పప్పు ఉందని మాకెవరికీ తెలీదు. సాంబారు పలచనైందన్న మాటకి నేను ఏడ్చానంటే నమ్మండి.

దొరికింది ఛాయాదేవి వదినకి. ఫోన్ చేసి, దాన్ని కంప్యూటర్ స్పీకర్ దగ్గర పెట్టింది. ఎవరి ఇంట్లోదో బారసాల. గిన్నెల చప్పుడు. అందులోంచి సన్నటి గొంతు, తీరు మాత్రం అరవై ఏళ్ళ ముసలమ్మది:

"ఏం నాయనా, ఎంతసేపట్లా నిలబడతావు, కాళ్ళు పీకవూ? రా, వచ్చి ఇంత అన్నం తిని పో."

వెనకాల జనం నవ్వులు. ఆ నవ్వుల మధ్య శ్యామ్‌సుందర్ గారి గొంతు, "ఉండు నాన్నా, ఇదొక్కటి తీసి వచ్చేస్తా."

అప్పుడు వదిన లైన్లోకి వచ్చింది. "ఆ 'ఇదొక్కటి' ఇంకా అవలేదు విద్యా."

ఆ సాయంత్రమే రేణు ఇంట్లో చూపించాం. నీల్ ముందు మొహం తిప్పుకున్నాడు. తర్వాత ఇటు తిరిగాడు. "దట్స్ మీ? వై డు ఐ సౌండ్ లైక్ అమ్మమ్మ?" అని పగలబడి నవ్వాడు. ఇంకోసారి పెట్టమన్నాడు. ఇంకోసారి. నాలుగో ఐదో సారికి వాడి పెదాలు కదిలాయి, మాట మాత్రం బయటికి రాలేదు. రేణు వాడి మొహం చూడకుండా కిటికీలోకి చూస్తూ కూర్చుంది, చూస్తే మానేస్తాడని. శ్యామ్‌సుందర్ గారు మాత్రం ఒక్కసారే చూశారు. చూసి, కార్డు వేడెక్కుతోందో ఏమోనంటూ ఇంటికి వెళ్ళిపోయారు.

వాళ్ళు విమానం ఎక్కే రోజు మధ్యాహ్నం రేణు వాళ్ళ ఖాళీ ఇంట్లో భోజనాలు. సామానంతా అమ్మేశారు. కార్పెట్ మీద దుప్పట్లు పరిచి, అల్యూమినియం ట్రేలలో పులిహోర, వంకాయ కూర పెట్టుకుని కూర్చున్నాం. శ్యామ్‌సుందర్ గారు ఎప్పట్లాగే గోడవారగా నిలబడి తీస్తున్నారు. సూట్‌కేసులు తీశారు, గోడకి నీల్ ఎత్తు కొలిచిన పెన్సిల్ గీతలు తీశారు. కెమెరా తిప్పుకుంటూ వచ్చేసరికి ఎదురుగా నీల్ నిలబడి ఉన్నాడు.

వాడు గొంతు సవరించుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. అమెరికా యాసలో, ఒక్కో మాటా తడుముకుంటూ అన్నాడు: "ఏం నాయనా... ఎంతసేపట్లా నిలబడతావు? కాళ్ళు పీకవూ? రా... వచ్చి ఇంత అన్నం తిని పో."

ఒక్కరూ నవ్వలేదు. రేణు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

శ్యామ్‌సుందర్ గారి నోటి దాకా "ఉండు నాన్నా" వచ్చింది, నేను చూశాను. అక్కడే ఆగింది. కెమెరా ఆపి, మూత పెట్టి, కిటికీ గట్టు మీద ఉంచారు. వచ్చి వదినకీ నాకూ మధ్యలో చతికిలబడ్డారు. నీల్ కాగితం ప్లేటు తెచ్చి ఆయన ముందు పెట్టి, తనే వడ్డించాడు. కెమెరా లేకపోయేసరికి ఆయనకి చూపు ఎక్కడ పెట్టాలో తెలీలేదు. కాసేపు పులిహోరలో వేరుశనగలు ఏరుకున్నారు. ఆ తర్వాత మా కబుర్లలో కలిశారు. ఎవరో ఫోన్ తీసి ఫోటో తియ్యబోతే వదిన చెయ్యి అడ్డం పెట్టింది. "తినండమ్మా ముందు" అంది.

మా దగ్గర పదేళ్ళ వీడియోలున్నాయి, ఇప్పుడు మాటలతో సహా. శ్యామ్‌సుందర్ గారు మాతో కూర్చుని తిన్న ఆ ఒక్క భోజనానికి మాత్రం వీడియో లేదు.